కీమోకి ముందు పస్తుండి ఇన్సులిన్ తగ్గిస్తే మందు బాగా పనిచేస్తుందా?

నోట్‌బుక్_అక్క

మా చెల్లికి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్‌కి ముందే కీమో మొదలుపెట్టారు. మొదటి రకం మందు నాలుగు సైకిళ్లు, అంటే నాలుగు విడతలు అయిపోయింది, ఇప్పుడు వారం వారం పాక్లిటాక్సెల్ ఎక్కిస్తున్నారు. తనకి షుగర్ లేదు. అయినా మొదటిసారి పాక్లిటాక్సెల్ ఎక్కించిన రోజు సాయంత్రం నోరు ఎండిపోతోంది, గాబరాగా ఉందంటే ఇంట్లో ఉన్న మీటర్‌తో చూశాను. 241! పొద్దున పరగడుపున 96 ఉన్న మనిషికి. మీటరే పాడైందనుకుని ఇంకో వేలు గుచ్చాను. 238.

సరిగ్గా అదే వారం మా బంధువొకాయన ఒక వీడియో పంపారు. అందులో చెప్పేది ఇది: ఇన్సులిన్ కణాలను పెరగమని చెప్పే హార్మోన్, అది రక్తంలో ఎక్కువగా ఉంటే కీమో పనిచేయదు, కాబట్టి ప్రతి సైకిల్‌కీ ముందు మూడు రోజులు నీళ్ల మీదే ఉండాలి. డాక్టర్‌ని అడిగితే "అలాంటివేమీ వద్దు, బాగా తినమనండి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బయట ఇంకా ముప్ఫై మంది కూర్చుని ఉన్నారు, ఆయన్నీ తప్పుపట్టలేను.

నాకు కావలసింది తిట్లూ కాదు, ధైర్యవచనాలూ కాదు. ఒంట్లోని హార్మోన్ల వల్ల కీమో పనితీరు మారుతుందన్న మాటలో నిజముందా? ఉంటే మరి ఆ పని ఎవరూ ఎందుకు చేయరు?

పైపెట్

అక్కా, మీ చెల్లి విషయంలో డాక్టర్ చెప్పిందే చేయండి. ఆ మాట ముందు చెప్పి, తర్వాత వాదన మొదలుపెడతాను. నేను ల్యాబ్‌లో కణితి కణాల మీద పనిచేస్తాను, కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం పక్షపాతం ఉంది.

ఆ వీడియోని పూర్తిగా చెత్త అనలేం. ఇన్సులిన్, దానికి చుట్టమైన ఐజీఎఫ్-1 అనే గ్రోత్ ఫ్యాక్టర్, రెండూ కణం పైనున్న రిసెప్టర్లను, అంటే సంకేతం అందుకునే తలుపుల్లాంటి వాటిని, తడతాయి. లోపల పీఐ3కే అనే ఎంజైమ్ మేలుకుంటుంది, అది ఏకేటీని లేపుతుంది, అది ఎమ్‌టార్‌ని లేపుతుంది. ఈ వరస అంతా కలిసి కణానికి చెప్పేది ఒకటే: తిండి దొరికింది, పెరుగు, ఇప్పుడు చావకు. కీమో మందు ఏం చేస్తుంది? డీఎన్‌ఏని దెబ్బతీయడమో, కణం రెండుగా చీలకుండా అడ్డుకోవడమో. అంతే. దెబ్బ తగిలాక బాగుచేసుకోవాలా, తనను తాను చంపుకోవాలా అని తేల్చుకునేది కణమే. సరిగ్గా ఆ సమయంలో "చావకు" అనే సంకేతం గట్టిగా వినబడుతుంటే, అదే డోసుకి చచ్చే కణాలు తగ్గుతాయి. ల్యాబ్‌లో కణాలు పెంచే ప్లేట్‌లో ఇది చాలా రకాల కణాల్లో కనిపిస్తుంది.

ఒక చిన్న సంగతి. రొమ్ము క్యాన్సర్ పరిశోధనలో ఎక్కువగా వాడే ఎంసీఎఫ్-7 కణాలకి మేము పోసే ద్రవంలో ఇన్సులిన్ కలుపుతాం. సీసా మీద రాసున్న పద్ధతే అది. వాటికి ఇన్సులిన్ అంత ఇష్టం.

మనుషుల్లో సంగతి: పమేలా గుడ్విన్ బృందం 2002లో 512 మంది మహిళల లెక్క ప్రచురించింది. అందరికీ తొలి దశ రొమ్ము క్యాన్సర్, ఎవరికీ షుగర్ లేదు. పరగడుపు ఇన్సులిన్ అందరికన్నా ఎక్కువున్న పావువంతు మందిలో, అందరికన్నా తక్కువున్న పావువంతుతో పోలిస్తే, క్యాన్సర్ వేరే అవయవాలకి పాకే ముప్పు రెండింతలు, మరణాల ముప్పు సుమారు మూడింతలు.

పస్తు సంగతికి వస్తే, వాల్టర్ లోంగో బృందం 2008లో ఎలుకలకి 48 నుంచి 60 గంటలు తిండి ఆపి, ఎటొపొసైడ్ అనే కీమో మందు భారీ డోసులో ఇచ్చింది. తిన్న ఎలుకలు చాలా చచ్చాయి, పస్తున్నవి దాదాపు అన్నీ బతికాయి. పస్తు వల్ల ఐజీఎఫ్-1 పడిపోతుంది, మామూలు కణాలు తలుపులు మూసుకుని మరమ్మతులో పడతాయి. క్యాన్సర్ కణంలో పెరగమనే ఆ స్విచ్ మ్యుటేషన్ (జన్యువులో మార్పు) వల్ల ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి అది తలుపు మూసుకోలేదు, దెబ్బంతా దానికే తగులుతుంది. 2012లో అదే బృందం, పస్తు వల్ల కణితులు కీమోకి మరింత లొంగుతున్నాయని కూడా చూపింది.

ఎందుకు చేయరు అంటారా? ఎలుకకీ మనిషికీ మధ్య చాలా దూరం ఉంది. కానీ ఆలోచన మాత్రం గాలిలోంచి పుట్టింది కాదు.

నైట్_డ్యూటీ

పైపెట్ గారూ, ఎలుకకి రెండున్నర రోజుల పస్తంటే మనకి రెండున్నర రోజులు కాదు. రెండు రోజులు తినకపోతే దాని బరువులో ఐదో వంతు పోతుంది. యాభై కిలోల మనిషికి పది కిలోలు పోయినట్టు. ఆ పస్తుని మనిషికి అంటగట్టేముందు ఆ మాట కూడా చెప్పాలి కదా.

నేను పదకొండేళ్లుగా కీమో వార్డులో నర్సుని. ఒక కేసు చెప్తాను, ఎవరో తెలియకుండా కొంచెం మార్చి. ఒకాయన ఇలాంటి వీడియోనే చూసి, ఎవరికీ చెప్పకుండా ప్రతి సైకిల్‌కీ ముందు మూడు రోజులు తిండి మానేసేవాడు. ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు, ఆకలి లేదని చెప్పేవాడట. మూడో సైకిల్‌కి బరువు చూస్తే ఆరు కిలోలు తగ్గాడు. కణితి వల్లేమోనని స్కాన్‌కి పంపారు. తెల్లకణాలు పడిపోయాయి, సైకిల్ రెండు వారాలు వాయిదా పడింది, ఆ తర్వాత డోసు కూడా తగ్గించారు. మందు బలం పెంచుకుందామని పోయి మందునే తగ్గించుకున్నాడు.

కీమోలో అన్నిటికంటే గట్టి సూత్రం పాతదే: అనుకున్న డోసు అనుకున్న రోజుకి పడాలి. కండ కరిగిపోయిన మనిషిలో అదే డోసు ఎక్కువ విషంగా పనిచేస్తుంది. చాలా మందులు కొవ్వులోకి కాదు, కండ ఉన్న భాగాల్లోకి పాకుతాయి. పస్తులో ముందు పోయేది కొవ్వే అని అందరూ అనుకుంటారు, పక్కనే కండ కూడా పోతుంది. ఆ బక్కచిక్కిన చేతికి సూది గుచ్చాల్సింది మేమే.

హార్మోన్లు కీమోని మారుస్తాయా అంటే మారుస్తాయి. అయితే ఒక్క ఇన్సులిన్ పేరే ఎందుకు ఎత్తుతారు? జీడీఎఫ్-15 అని ఇంకోటుంది. సిస్‌ప్లాటిన్ లాంటి మందులిచ్చినప్పుడు అది పెరుగుతుంది, మెదడులోకి వెళ్లి వికారం పుట్టిస్తుంది, ఆకలి చంపుతుంది. దాన్ని అడ్డుకునే పొన్‌సెగ్రొమాబ్ అనే ఇంజెక్షన్‌తో, క్యాన్సర్ వల్ల చిక్కిపోతున్న 187 మంది మీద చేసిన ట్రయల్ ఫలితం 2024లో వచ్చింది. పన్నెండు వారాల్లో, ఎక్కువ డోసు తీసుకున్నవాళ్లకి డమ్మీ మందు తీసుకున్నవాళ్ల కన్నా సుమారు 2.8 కిలోలు బరువు పెరిగింది. కొందరు శాస్త్రవేత్తలు పేషెంట్ తినేలా హార్మోన్ మీద పనిచేస్తున్నారు, ఇంకొందరు తినొద్దంటున్నారు. పేషెంట్ ఎవరి మాట వినాలి?

లెక్కల_పిచ్చి

ఎలుకలు, ప్లేట్లు, వార్డు కథలు అయ్యాయి. మనుషుల మీద చీటీ వేసి రెండు గుంపులు చేసి చూసిన ట్రయల్ గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు, కాబట్టి ఆ పని నాది.

నెదర్లాండ్స్‌లో డైరెక్ట్ అనే ట్రయల్ జరిగింది, ఫలితం 2020లో వచ్చింది. 131 మంది, అందరికీ రెండు లేక మూడో దశ హెర్2-నెగటివ్ (హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేని రకం) రొమ్ము క్యాన్సర్, అందరికీ ఆపరేషన్‌కి ముందు కీమో. అంటే ఈ అక్క వాళ్ల చెల్లి పరిస్థితికి దగ్గరగా ఉన్నదే. సగం మందికి కీమోకి ముందు మూడు రోజులూ, కీమో రోజూ కలిపి నాలుగు రోజులు పస్తును అనుకరించే ఆహారం. పూర్తి పస్తు కాదు, కేలరీలూ ప్రొటీనూ బాగా తగ్గించిన శాకాహారం.

వచ్చింది ఇది. తీవ్రమైన దుష్ప్రభావాల్లో రెండు గుంపులకీ తేడా లేదు. ఆపరేషన్ తర్వాత చూస్తే కణితి పూర్తిగా మాయమైనవాళ్లు పస్తు గుంపులో 10.8 శాతం, మామూలు గుంపులో 12.7 శాతం. అంటే తేడా లేనట్టే. స్కాన్‌లో కణితి తగ్గడం మాత్రం పస్తు గుంపులో మెరుగ్గా కనిపించింది. వీడియోలు చేసేవాళ్లు ఈ చివరి వాక్యాన్నే పట్టుకుంటారు, ముందు మూడు వాక్యాలు మింగేస్తారు.

ఇంకోటి. ఆ గుంపులో అన్ని సైకిళ్లకీ ఆ ఆహారం పాటించగలిగింది ఐదుగురిలో సుమారు ఒక్కరే. ట్రయల్‌లో చేరి, డైటీషియన్ వెంట ఉండి కూడా. ఇంట్లో వీడియో చూసి చేసేవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

పైపెట్

లెక్కల గారూ, మీరు కూడా ఒక వాక్యం మింగారు. ఆ ట్రయల్‌లో పస్తు గుంపుకి కీమోతో ఇచ్చే డెక్సామెథసోన్ స్టెరాయిడ్ ఆపేశారు, మామూలు గుంపుకి ఇచ్చారు. అయినా దుష్ప్రభావాలు సమానంగానే ఉన్నాయి. స్టెరాయిడ్ లేకుండా సమానంగా ఉండటం కూడా ఒక ఫలితమే కదా?

పైగా పాటించనివాళ్లందరినీ కలిపి లెక్కేస్తే ఏ మందైనా పనిచేయనట్టే కనిపిస్తుంది. నిజంగా పాటించినవాళ్లలో 90 శాతం పైగా కణితి కణాలు చచ్చిపోవడం ఎక్కువగా కనిపించింది.

లెక్కల_పిచ్చి

స్టెరాయిడ్ సంగతి నిజమే, మింగాను. ఒప్పుకుంటున్నాను. కానీ అది రెండువైపులా కోస్తుంది. ఆ గుంపులో మేలేదైనా కనిపిస్తే అది పస్తు వల్లా, స్టెరాయిడ్ లేకపోవడం వల్లా అని ఎలా తేల్చుతారు? రెండూ ఒకేసారి మార్చారు.

"నిజంగా పాటించినవాళ్లు" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నాలుగు రోజులు అర్ధాకలితో ఉండగలిగేది ఎవరు? ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లు, మందు తట్టుకుంటున్నవాళ్లు. అలాంటివాళ్లు ఏం తిన్నా బాగానే ఉండే అవకాశం ఎక్కువ. చీటీ వేసి గుంపులు చేసేది సరిగ్గా ఈ మాయని తప్పించడానికే.

మూడో_సైకిల్

నేను పేషెంట్‌ని. పెద్దపేగు క్యాన్సర్, మూడో సైకిల్ నడుస్తోంది. పద్నాలుగేళ్లుగా షుగర్ ఉంది, ఆరేళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్నాను. పైపెట్ గారు రాసింది రెండుసార్లు చదివాను. ఇన్సులిన్ క్యాన్సర్ కణానికి చావొద్దని చెప్తుందని కదా. అంటే రోజూ రాత్రి నా చేత్తో నేనే దానికి సాయం చేస్తున్నానా? నిన్న రాత్రి ఇంజెక్షన్ వేసుకోలేదు. పొద్దున 312 ఉంది.

నైట్_డ్యూటీ

అన్నా, ముందు ఈ పేజీ మూసేసి మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఈ రోజే, ఇప్పుడే. 312 అని చెప్పండి, రాత్రి డోసు మానేశానని కూడా దాచకుండా చెప్పండి. దాహం, వాంతులు, ఆయాసం ఏమున్నా ఫోన్ కోసం ఆగకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఇన్సులిన్ మీదున్న మనిషి అది ఆపేస్తే నష్టం క్యాన్సర్‌కి కాదు, మనిషికి. కీమోతో తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు షుగర్ పెరిగితే ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటుంది. సైకిల్ ఆగుతుంది.

పైపెట్

అన్నా, తప్పు నాదే. వివరణ సగంలో ఆపేశాను. క్షమించండి.

ఆ 512 మంది లెక్క షుగర్ లేనివాళ్లది. ఒంట్లో కొవ్వు, కదలిక తక్కువ కావడం, ఇన్సులిన్‌కి కణాలు స్పందించకపోవడం లాంటి వాటివల్ల తమ ఒళ్లే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుంటున్నవాళ్లది. మీ రాత్రి ఇంజెక్షన్‌కీ దానికీ సంబంధం లేదు. మీ విషయంలో డాక్టర్లు చూసేది చక్కెర అదుపు. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కీమో తీసుకున్న 3,759 మంది ట్రయల్ సమాచారాన్ని 2003లో తిరిగి చూశారు. షుగర్ ఉన్నవాళ్లలో ఐదేళ్లకి క్యాన్సర్ తిరగబెట్టకుండా బతికున్నది 48 శాతం, లేనివాళ్లలో 59 శాతం. ఇది చూసి భయపడమని చెప్పడం లేదు. షుగర్ పక్కనపెట్టి క్యాన్సర్‌ని చూద్దాం అనుకోకూడదని చెప్తున్నాను.

పాతకాపు

నాదో సందేహం, ఎవరూ కొట్టకండి. కీమో ఎక్కువగా చంపేది విభజన చెందే కణాలనే కదా. అలాంటప్పుడు ఇన్సులిన్ ఇచ్చి కణాలను పరుగెత్తించి, అప్పుడు మందేస్తే ఇంకా బాగా చావవా? ఇలాంటి వైద్యం నిజంగానే ఉంది. మెక్సికోలో 1930లలో మొదలైంది. ముందు ఇన్సులిన్ ఇచ్చి, చక్కెర పడిపోతుండగా తక్కువ డోసులో కీమో ఇస్తారు. కొన్ని దేశాల్లో ఇప్పటికీ ప్రైవేట్ క్లినిక్‌లు చేస్తున్నాయి. మీరంతా ఇన్సులిన్ తగ్గించడం గురించి కొట్టుకుంటున్నారు, వాళ్లు పెంచుతున్నారు. ఎవరిది రైటు?

పైపెట్

ఎవరూ కొట్టరు, అసలు ఈ థ్రెడ్‌లో ఇంతవరకు వచ్చిన ప్రశ్నల్లో ఇదే మంచిది.

కారణం ఇదీ: "ఇన్సులిన్ పెంచితే కీమోకి లొంగుతుంది", "ఇన్సులిన్ తగ్గిస్తే కీమోకి లొంగుతుంది" అని రెండూ పుస్తకం చూపించి నిరూపించవచ్చు. ప్లేట్‌లో మెథోట్రెక్సేట్‌కి ముందు ఇన్సులిన్ కలిపితే ఆ మందు ఎన్నో రెట్లు బలంగా పనిచేసిందని 1981లోనే ఒక ప్రయోగం వచ్చింది. మెథోట్రెక్సేట్ డీఎన్‌ఏ తయారీని ఆపే మందు, కణం పరుగులో ఉంటేనే దానికి పని. అదే వేరే మందులకి, కణం చావకుండా కాపాడే సంకేతమే పైచేయి అవుతుంది. అంటే హార్మోన్ ఒకటే అయినా మందుని బట్టి, కణాన్ని బట్టి ఫలితం తిరగబడొచ్చు. నా వాదన నేనే పాడుచేసుకుంటున్నానని తెలుసు.

ఇక క్లినిక్‌ల సంగతి. కావాలని చక్కెర పడగొట్టడం ప్రమాదం. తక్కువ డోసు కీమోతో ప్రామాణిక చికిత్సకి సమానమైన ఫలితం వచ్చిందని చూపే పెద్ద ట్రయల్ లేదు. దాదాపు తొంభై ఏళ్లు గడిచాయి. నిజంగా పనిచేసేదైతే ఈపాటికి తేలాలి.

లెక్కల_పిచ్చి

పైపెట్ గారు తన వాదనకే గండి కొట్టుకున్నారు కాబట్టి నేను దాన్ని పూడ్చను, ఇంకో బిందె నీళ్లు పోస్తాను.

ఇన్సులిన్‌ని మందుతో తగ్గించి చూడలేదా అంటే చూశారు. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్రతో. 2009లో ఒక పరిశీలన వచ్చింది. ఆపరేషన్‌కి ముందు కీమో తీసుకున్న రొమ్ము క్యాన్సర్ పేషెంట్లలో, మెట్‌ఫార్మిన్ వాడుతున్న షుగర్ వాళ్లలో కణితి పూర్తిగా పోయింది 24 శాతానికి, వాడని షుగర్ వాళ్లలో 8 శాతానికి, షుగర్ లేనివాళ్లలో 16 శాతానికి. చదివినప్పుడు నాకే ఆశ పుట్టింది. తర్వాత గుడ్విన్ గారే, అవును ఆ 2002 లెక్క ఇచ్చినావిడే, ఎంఏ.32 అనే ట్రయల్ నడిపారు. రొమ్ము క్యాన్సర్ ఉండి షుగర్ లేని 3,649 మంది, ఐదేళ్లు మెట్‌ఫార్మిన్ లేదా డమ్మీ మాత్ర. ఆరు నెలలకి మెట్‌ఫార్మిన్ గుంపులో ఇన్సులిన్ తగ్గింది, కొవ్వు కణాలు వదిలే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గింది, బరువూ తగ్గింది. 2022లో అసలు ఫలితం వచ్చింది. క్యాన్సర్ తిరగబెట్టడంలో తేడా లేదు. హార్మోన్ కదిలింది, క్యాన్సర్ మాత్రం కదల్లేదు.

రెండోది, ఐజీఎఫ్-1 రిసెప్టర్‌కి నేరుగా తాళం వేసే ఫిగిటుముమాబ్ అనే మందు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్‌లకి దాన్ని జతచేసి 681 మంది మీద చూశారు. మేలు లేకపోగా తీవ్రమైన దుష్ప్రభావాలు, మరణాలు ఎక్కువయ్యాయి. మధ్యలోనే ఆపేశారు. కారణం అందంగా ఉన్నంత మాత్రాన ఫలితం వస్తుందని లేదు.

పైపెట్

ఎంఏ.32 గురించి ఒక్క మాట. ఐదేళ్ల మాత్రలో కీమో నడిచే కాలం పిసరంత. "కీమో పడే రోజు హార్మోన్ ఎంత ఉండాలి" అనేది వేరే ప్రశ్న, దానికి ఆ ట్రయల్ జవాబివ్వదు. ఫిగిటుముమాబ్‌లో కూడా ఒక కిటుకుంది. ఐజీఎఫ్ తలుపు మూస్తే ఒంట్లో చక్కెర పెరిగింది, చక్కెర పెరిగితే ఇన్సులిన్ పెరుగుతుంది. ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టు.

ఆ పెరటి తలుపు కథ చాలా బాగా తెలిసింది లూయిస్ కాంట్లీ బృందం వల్ల. పీఐ3కేని కనుక్కున్నది ఆయనే. ఆ ఎంజైమ్‌ని ఆపే మందులిస్తే కాలేయం చక్కెర వదులుతుంది, క్లోమం ఇన్సులిన్ కక్కుతుంది, ఆ ఇన్సులిన్ వెళ్లి మందు ఆపిన స్విచ్‌నే కణితిలో మళ్లీ వేస్తుంది. 2018లో ఎలుకల్లో ఇన్సులిన్ పెరగకుండా చూస్తే, అంటే కీటో ఆహారంతోనో (పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు పెంచినది), చక్కెరని మూత్రంలోకి పంపే మందుతోనో, ఆ క్యాన్సర్ మందు బాగా పనిచేసింది. ఆ రకం మందైన అల్పెలిసిబ్‌కి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది తీసుకునేవాళ్లలో సగానికి పైగా చక్కెర పెరుగుతుంది. డాక్టర్లు మొదటి రోజు నుంచే దాని మీద కన్నేసి ఉంచుతారు.

లెక్కల గారు అడగకముందే నేనే చెప్పేస్తాను. ఒకటి, అది పాతరకం కీమో కాదు, కణంలో ఒక్క స్విచ్‌నే గురిపెట్టే టార్గెటెడ్ మందు. రెండు, అదే ప్రయోగంలో మందు లేకుండా ఒట్టి కీటో ఆహారమే పెట్టిన ఎలుకల్లో ఒక రకం ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఇంకా వేగంగా ముదిరింది. వీడియోలో ఇది చెప్పరు.

నైట్_డ్యూటీ

అదీ మాట. ఆ చివరి వాక్యాన్ని ప్రింట్ తీసి వార్డు గోడకి అంటించాలి.

పైపెట్

అంటించండి, కానీ దాని పక్కన ఇంకో కాగితం కూడా అంటించాలి. లాస్ ఏంజెలెస్‌లో పిల్లల వైద్యులు 10 నుంచి 21 ఏళ్ల మధ్య ల్యుకేమియా పేషెంట్లు 40 మందితో చేసిన పని, 2021లో వచ్చింది. మొదటి నెల కీమోలో స్టెరాయిడ్ల వల్ల పిల్లలు విపరీతంగా తింటారు, కొవ్వు పేరుకుంటుంది. కొవ్వు కణాలు ఊరికే కూర్చోవు. లెప్టిన్ వదులుతాయి, కీమో మందుని తామే కొంత పీల్చి విరిచేస్తాయి, ల్యుకేమియా కణాలకి ఆశ్రయం ఇస్తాయి. వీళ్లు డైటీషియన్‌ని పెట్టి కేలరీలు కొంచెం తగ్గించారు, నడిపించారు. పస్తు లేదు. నెలాఖరుకి మిగిలిపోయిన ల్యుకేమియా కణాలు కనిపించే అవకాశం పాత పేషెంట్లతో పోలిస్తే బాగా తగ్గింది. కొవ్వు నుంచే వచ్చే మంచి హార్మోన్ అడిపోనెక్టిన్ పెరిగింది.

లెక్కల గారూ, చీటీ వేయలేదని నాకు తెలుసు. పోల్చింది పాత పేషెంట్లతో.

లెక్కల_పిచ్చి

నా నోట్లో మాట లాగేసుకున్నారు. అయినా ఇది నాకు నచ్చింది. పస్తు కాదు, ఒక నిర్దిష్టమైన క్యాన్సర్, నిర్దిష్టమైన నెల, కొవ్వు పెరుగుతున్న పిల్లలు. ఇంత ఇరుకైన ప్రశ్న వేస్తేనే జవాబు దొరుకుతుంది. "హార్మోన్లు కీమోని మారుస్తాయా" అనే ప్రశ్నకి జవాబు లేదు, ఎందుకంటే అది ఒక ప్రశ్న కాదు, నలభై ప్రశ్నలు.

నైట్_డ్యూటీ

ఆ పిల్లలది బరువు పెరిగే సమస్య. నా వార్డులో పదిమందిలో ఎక్కువమందిది బరువు తగ్గే సమస్య. ఒకరి మందు ఇంకొకరికి విషం. నేను పస్తు అనే మాట మీదే కోపంగా ఉన్నాను, పైపెట్ మీద కాదు. ఆ డైటీషియన్ పద్ధతి మీద నాకు అభ్యంతరం లేదు.

అక్కా, మీ మొదటి పోస్టుకి ఎవరూ సరిగ్గా జవాబివ్వలేదు, అది గమనించాను. ఆ 241 గురించి. పాక్లిటాక్సెల్‌ని కరిగించే నూనెలాంటి పదార్థం వల్ల కొందరికి ఒళ్లంతా రియాక్షన్ వస్తుంది, అది రాకుండా ముందు డెక్సామెథసోన్ ఇస్తాం. అది చక్కెరని పెంచుతుంది. పొద్దున ఇస్తే సాయంత్రానికి శిఖరం ఎక్కుతుంది, మర్నాడు పరగడుపున చూస్తే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. అందుకే పరగడుపు రిపోర్టు చూసి అంతా బాగుందనుకుంటారు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షని కూడా కీమోలో పూర్తిగా నమ్మలేం, రక్తహీనత వల్ల, రక్తం ఎక్కించడం వల్ల లెక్క తప్పుతుంది. మధ్యాహ్నం, సాయంత్రం తిన్న రెండు గంటలకి చూసి రాసుకోండి.

నోట్‌బుక్_అక్క

రాస్తూనే ఉన్నానమ్మా, పేరులోనే ఉందిగా. కీమో రోజు సాయంత్రం 241, మర్నాడు సాయంత్రం 187, మూడో రోజు 121. రెండో వారం 229, 174, 118. నాలుగో రోజు నుంచి మామూలే.

ఇదంతా చదివాక నాకు తట్టింది ఒకటి. మూడు రోజులు పస్తుండి ఇన్సులిన్ తగ్గించుకోమన్నారు వీడియోలో. కానీ మా చెల్లి ఇన్సులిన్‌ని అన్నిటికంటే ఎక్కువ పెంచుతున్నది ఆహారం కాదు, కీమో గదిలో ఇచ్చే స్టెరాయిడే. దాన్నెవరూ ఎందుకు అడగరు?

లెక్కల_పిచ్చి

అక్కా, ఈ థ్రెడ్‌లో మా అందరికంటే మీరు రాసిందే సూటిగా ఉంది. ఒక హెచ్చరిక మాత్రం. హ్యూస్టన్‌లో ల్యుకేమియా పెద్దల మీద 2004లో వచ్చిన లెక్క ఒకటుంది. 278 మందిలో మొదటి నెల చక్కెర బాగా పెరిగింది 37 శాతానికి, వాళ్లలో జబ్బు త్వరగా తిరగబెట్టింది, 24 నెలలకే. మిగతావాళ్లలో 52 నెలలు పట్టింది. ఇది చూసి చక్కెరే కారణమని గెంతకండి. చక్కెర పెరిగేది మొదటి నుంచీ బలహీనంగా ఉన్నవాళ్లకే కావచ్చు. చక్కెర తగ్గిస్తే ఫలితం మారుతుందని ఆ లెక్క చెప్పదు.

నైట్_డ్యూటీ

అడగొచ్చు అక్కా. మానేయమని కాదు, "డోసు తగ్గించే వీలుందా" అని. మొదటి రెండు సార్లు రియాక్షన్ రాకపోతే తర్వాత స్టెరాయిడ్ తగ్గించే డాక్టర్లు ఉన్నారు. మీ డాక్టర్‌కి తనకి మాత్రమే తెలిసిన కారణాలు ఉండొచ్చు, వద్దంటే వద్దు. మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపకండి. నోట్‌బుక్ తీసుకెళ్లండి. మాటలకి టైమ్ లేని డాక్టర్ కూడా అంకెలు చూస్తాడు.

మూడో_సైకిల్

నిన్నటి నుంచి రాయలేకపోయాను. డాక్టర్ తిట్టారు, తర్వాత డోసు సరిచేశారు. పొద్దున 164. సైకిల్ వాయిదా పడలేదు, గురువారమే. పైపెట్ గారూ, క్షమాపణలెందుకు, మీరు నాకు ఆ పోస్టు రాయకపోతే ఈ రోజు కూడా మానేసేవాణ్ని.

నోట్‌బుక్_అక్క

ఈ రోజు మూడో పాక్లిటాక్సెల్. నోట్‌బుక్ ముందు పెట్టాను. డాక్టర్ కళ్లజోడు పైకి తోసుకుని రెండు నిమిషాలు చూశారు, ఇదివరకటి రెండు నెలల్లో మొత్తం ఆయన మాకిచ్చింది అంతే. రియాక్షన్ రాలేదు కదా అని స్టెరాయిడ్ సగం చేశారు. సాయంత్రం 172.

దీనివల్ల మందు బాగా పనిచేస్తుందో లేదో నాకు తెలియదు, లెక్కల గారు వచ్చి పట్టుకోకముందే చెప్తున్నాను. రాత్రి మాత్రం గాబరా లేకుండా పడుకుంది. కడుపునిండా తిని. వీడియో పంపినాయనకి ఈ థ్రెడ్ పంపాను, ఇంకా బ్లూ టిక్ పడలేదు.